హిమశాసనములు – సూర్యసాక్ష్యము

శాసనమునఁ జెప్పఁబడిన గ్రహణము గణితమునకు సరిపడనపుడు లేఖకుఁడు పొరపడెనా, మన లెక్క తప్పినదా యని తర్కించుట పండితులకుఁ గ్రొత్త గాదు. అట్టి వివాదమే గ్రీన్‌లాండు మంచునకును బ్రాచీనగ్రంథములకును నడుమఁ బుట్టి, 2015లో సూర్యుఁడే సాక్షిగాఁ దీఱినది.

ధ్రువప్రాంతములఁ గురిసిన మంచు కరఁగక యేఁటికొక పొరగాఁ బేరుకొనును. దానిని లోఁతుగాఁ దొలిచి, కంబములవలె వెలికిఁ దీసి, పొరలను లెక్కించినచోఁ గాలక్రమము తెలియును. ఆ పొరలలో బెరిలియము-10, క్లోరిను-36 అను రేడియోధార్మిక ఐసోటోపులు మిక్కిలి సూక్ష్మముగాఁ గలవు. అంతరిక్షమునుండి వచ్చు విశ్వకిరణములు వాయుమండలములోని పరమాణువులను దాఁకి భేదింపఁగా నివి పుట్టును. సూర్యుఁడు చుఱుకుగా నున్నపుడు వాని యయస్కాంతక్షేత్రము ఆ కిరణములను గొంతవఱకు నడ్డగించును గాన వీని పుట్టుక తగ్గును, మందగించినపుడు హెచ్చును. 1645 మొదలు 1715 వఱకు సూర్యబింబమున మచ్చలు మిక్కిలి యరుదుగాఁ గానవచ్చినట్లు దూరదర్శినులతోఁ జూచినవారు వ్రాసిరి. ఆ కాలపు మంచులో బెరిలియము హెచ్చుగానే యున్నది. బెరిలియము-10 సగము క్షయించుటకు సుమారు 14 లక్షల యేండ్లు పట్టును గనుక వేలయేండ్ల చరిత్రకు నది చెరఁగని వ్రాత. అయినను మంచు కురిసిన పరిమాణమునుబట్టియు నీ యంకెలు మాఱును. ఒక్కచోటి కంబమునే నమ్మరాదు.

ఇఁక వివాదము. క్రీ. శ. 536 ప్రాంతమున సూర్యుఁడు చంద్రునివలెఁ గాంతిహీనుఁడై యుండెనని ప్రొకోపియసు అను చరిత్రకారుఁడు వ్రాసెను. అది యగ్నిపర్వతధూళివలని దైనచో గంధకామ్లపు జాడ మంచులో నుండవలెను. జాడ యున్నది గాని 529 ప్రాంతపుఁ బొరలో! వృక్షవలయశాస్త్రజ్ఞుఁడు మైకు బెయిలీ, చెట్ల వలయములు గ్రంథములనే బలపఱచుచున్న వనియు, మంచు లెక్కయే యేడేండ్లు తప్పిన దనియు 2008లో వాదించెను. అందఱు నంగీకరింపలేదు.

2012లో జపాను విదుషి ఫుసా మియాకె తన సహచరులతోఁ గూడి యచ్చటి సెడారు చెట్ల వలయములను బరీక్షించి, వానిలోని కార్బను-14 అను ఐసోటోపు 774, 775 సంవత్సరముల నడుమ నొక్కుమ్మడి నూటికి సుమారు 1.2 పాళ్లు పెరిగినట్లు కనిపెట్టెను. సూర్యుని చుఱుకుదనము సామాన్యముగా వీనిని దగ్గించుననుట నిజమే. కాని మహావిస్ఫోటమున సూర్యుఁడే వేగవంతములైన కణములను వెదచల్లినపుడు వీనిని దానే పుట్టించును. గ్రీన్‌లాండు, అంటార్కిటికా మంచులలోని బెరిలియము, క్లోరినుల పాళ్లు ఈ వృద్ధి సూర్యకృతమే యని 2015లోఁ జూపినవి. ఆ యేఁటనే మైకేలు సీగ్లు మొదలగువారు గ్రీన్‌లాండు కంబములలో నీ 775 నాఁటి గుర్తును వెదకఁగా నది పాత లెక్కకు సుమారు ఏడేండ్లు ముందటి పొరలోఁ గనఁబడెను. ఒక పొరను 79 నాఁటి వెసూవియసు విస్ఫోటమునకుఁ జెందిన దని నమ్మి లెక్కను దానికి ముడివేయుట యీ తప్పునకు నొక కారణము. తప్పు దిద్దఁగా 529 నాఁటి పొర 536కు వచ్చి చేరెను. ప్రొకోపియసు గెలిచెను.

ఆంగ్లో-సాక్సను వృత్తాంతముయొక్క కొన్ని ప్రతులలో 774 క్రింద, సూర్యాస్తమయానంతర మాకసమున నెఱ్ఱని సిలువ కనఁబడె నని యున్నది. దీనిని సూర్యవిస్ఫోటమునకు ముడివెట్టినవారు గలరు. కాని యా భాగపు సంవత్సరాంకములు నిజకాలమునకు రెండేండ్లు తక్కువగా నున్నవని తద్గ్రంథపరిశోధకులు చిరకాలముక్రిందటనే నిర్ణయించిరి. అట్లైన సిలువ కనఁబడినది 776లో. కావున నీ ముడి నాకు సమ్మతము గాదు.