పోస్టర్లను పుట్టించే యంత్రం: ఏరేది ఎవరు?



కంప్యూటర్‌లో పోస్టర్లు, బ్యానర్లు చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు మన గ్రూపులో చాలామందే ఉన్నారు. ఈ చిన్న చరిత్ర మీకోసం.

1960లలో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఇంగో రెషెన్‌బెర్గ్, హాన్స్-పాల్ ష్వెఫెల్ అనే ఇద్దరు విద్యార్థులు ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టారు. కీళ్లున్న పలకకు గాలి కొట్టిస్తూ, దాని వంపులను ఎటుపడితే అటు కొద్దికొద్దిగా మార్చారు. గాలికి తక్కువ అడ్డుపడే రూపాన్ని ఉంచుకుని, మిగతావి వదిలేశారు. మన పెద్దలు మంచి కంకులు ఏరి విత్తనానికి దాచేది కూడా ఇట్లనే కదా! 1975లో అమెరికాలో జాన్ హాలండ్ దీనికి దగ్గరి పద్ధతినే పుస్తకంగా రాశాడు. రెండు మంచి జవాబులను కలిపి పిల్లను పుట్టించడం అందులో ముఖ్యం.

పోస్టర్‌కూ ఇదే లెక్క. శీర్షిక ఎక్కడ, అక్షరం సైజు ఎంత, బొమ్మ ఎటువైపు, రంగు ఏది అనేవన్నీ అంకెలుగా రాస్తారు. ఆ అంకెల వరుసే పోస్టర్ జన్యువు. వాటిని కలిపి, అక్కడక్కడ మార్చి, కొత్త తరం లేఅవుట్లు పుట్టిస్తారు.

చిక్కు ఎక్కడంటే, గాలి అడ్డును కొలవొచ్చు. అందాన్ని దేంతో కొలుస్తం? 1986లో రిచర్డ్ డాకిన్స్ తన ప్రోగ్రాంలో ఆ పని మనిషి కన్నుకే అప్పజెప్పాడు. 1993లో పారిస్‌లోని పాంపిడూ కేంద్రంలో కార్ల్ సిమ్స్ 16 తెరలు పెట్టాడు. జనం ఏ తెర ముందు నిలబడితే ఆ బొమ్మలకే పిల్లలు పుట్టేవి, మిగతావి పోయేవి. కొన్ని ప్రోగ్రాంలలో మనిషికి బదులు నియమాలే మార్కులు వేస్తాయి. కానీ ఆ నియమాలు రాసింది కూడా ఎవరో ఒక మనిషే, అందులో ఉండేది వాళ్ల ఇష్టమే.

ఇంకో మాట. జన్యువులో చోటు లేనిది ఎన్ని తరాలైనా పుట్టదు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది 2018లో. లిపే లెక్కలో లేకపోతే, వెయ్యి లేఅవుట్లు పుట్టినా ఆ అక్షరం కనబడదు.

అందుకే యంత్రాన్ని వాడుకుందాం, కానీ ఏరే పని దానికి వదిలేయొద్దు. ఈసారి పోస్టర్ చేస్తే నాలుగు రకాలు తీసి, అది అంటించే గూడెంలోనే ముందు చూపించండి. చదువురాని అవ్వకు కూడా ఏది అర్థమైతదో, దాన్నే విత్తనంగా దాచండి.