ఒకే తీర్మానంలో రెండు మాటలు

1931 మార్చిలో వల్లభభాయి పటేల్ అధ్యక్షతన కరాచీలో జరిగిన కాంగ్రెస్ మహాసభ ప్రాథమిక హక్కుల మీద, ఆర్థిక కార్యక్రమం మీద ఒక తీర్మానం చేసింది. ముసలితనంలోనూ, జబ్బులోనూ, పని దొరకని రోజుల్లోనూ కష్టజీవికి రాజ్యం అండగా ఉండాలని అందులో ఉంది. ప్రత్యేక నిపుణులను మినహాయిస్తే ప్రభుత్వ సేవలో ఉన్న ఎవరి జీతమూ మామూలుగా నెలకు 500 రూపాయలు దాటకూడదని కూడా అందులోనే ఉంది. మొదటిదాన్ని సంక్షేమం ఖాతాలో, రెండోదాన్ని గాంధీగారి నిరాడంబరత ఖాతాలో వేసి విడివిడిగా చదవడం మనకు అలవాటైంది. నిజానికి రెండూ ఒకే ఆలోచనకు రెండు కొసలు. పనిలేనివాడి బతుకు ఎంతకు దిగజారవచ్చో, పాలించేవాడి రాబడి ఎంతవరకు పెరగవచ్చో ఒకే చేత్తో కొలవాలన్నది ఆ ఆలోచన. మన దేశంలో నిరుద్యోగ భృతి ఎప్పుడూ నిలకడగా నిలవకపోవడానికి డబ్బు లేకపోవడం కంటే ఆ రెండు కొలతలు విడిపోవడమే ముఖ్య కారణమని నా వాదన. దానికి సాక్ష్యాలు బందరు, గుడివాడ, దివిసీమల చరిత్రలోనే కావలసినన్ని దొరుకుతాయి.

ఆ తీర్మానాన్ని నమోదు చేసిన కాంగ్రెస్ అధికారిక చరిత్రను 1935లో రాసింది బందరులో వైద్యం చేసిన భోగరాజు పట్టాభి సీతారామయ్య. చదువుకున్నవాడి నిరుద్యోగం బందరుకు అప్పటికే పాత సంగతి. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టినప్పుడు, సర్కారు కొలువు కోసం కాచుకుని కూర్చునే చదువుకు బదులు చేతిపని నేర్పే చదువు కావాలన్నది వాళ్ల పట్టుదల. 1923లో పట్టాభి ఇదే ఊళ్లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. అంటే ఆ తరానికి నిరుద్యోగం ఉపన్యాసాల్లో వాడుకునే మాట మాత్రమే కాదు. 1937లో రాజాజీ నాయకత్వాన మద్రాసులో కాంగ్రెస్ మంత్రివర్గం ఏర్పడినప్పుడు మంత్రులు నిజంగానే 500 జీతానికి ఒప్పుకున్నారు. ఇంటికీ కారుకూ భత్యాలు వేరే ఉన్న మాట వాస్తవమే గానీ, అంతకుముందు మంత్రులు వేలల్లో తీసుకున్నారన్నది మరవకూడదు. అలా కరాచీలో ఇచ్చిన రెండు మాటల్లో ఒకటి కొంతకాలం నిలిచింది. పనిలేనివాడి రక్షణ మాత్రం ఆ మంత్రివర్గం ఉన్న రెండేళ్ల పైచిలుకు కాలంలో చట్టం దాకా రాలేదు.

ఈ రెండింటినీ జతచేయడం మన నాయకుల వింత ఊహేమీ కాదు. బ్రిటన్‌లో పార్లమెంటు సభ్యులకు ఏడాదికి 400 పౌండ్ల జీతం మొదలైంది 1911లో. నిరుద్యోగ బీమాను తెచ్చిన చట్టమూ అదే ఏడాదిది. 1931లో అక్కడ భృతిని పది శాతం కోసినప్పుడు మంత్రుల జీతాలనూ, సభ్యుల జీతాలనూ కోశారు. ఆ కోత న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. కనీసం కత్తెర ఇద్దరి మీదా పడింది. మన రాజ్యాంగంలో దారులు వేరయ్యాయి. 41వ అధికరణం పని హక్కును, నిరుద్యోగంలో ప్రభుత్వ సహాయాన్ని ప్రస్తావిస్తూ, రాజ్యం తన ఆర్థిక శక్తి పరిధిలో వాటికి ఏర్పాటు చేయాలంటుంది. ఆదేశిక సూత్రం కాబట్టి దానికోసం కోర్టుకెక్కే వీలు లేదు. పార్లమెంటు సభ్యుల జీతాలకు 106, శాసనసభ్యుల జీతాలకు 195 అధికరణాలున్నాయి. వాటిలో ఆర్థిక శక్తి మాటే రాదు. ఎంత ఇవ్వాలో సభలే చట్టం చేసుకుంటాయి. 1954 చట్టంతో ఎంపీ జీతం నెలకు 400 రూపాయలు. 1976లో, అత్యవసర పరిస్థితి నడుస్తుండగా, వాళ్లకు పింఛను తోడైంది. మొదట్లో ఐదేళ్లు సభ్యుడిగా ఉండాలన్న నిబంధన ఉండేది, తర్వాత అదీ పోయింది.

గుడివాడ ఇందులోకి 1983లో వస్తుంది. పక్కనే నిమ్మకూరులో పుట్టిన నందమూరి తారక రామారావును ఆ ఏడాది గుడివాడ శాసనసభకు పంపింది. అధికారంలోకి వచ్చిన వారాలకే, ఫిబ్రవరిలో, ఆయన ప్రభుత్వం ఉద్యోగ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. నిరుద్యోగ యువతకు చోటు కల్పించడం కోసమన్నది చెప్పిన కారణం. ఫిబ్రవరి 28న ఒక్కరోజే 18,000కు పైగా ప్రభుత్వోద్యోగులు, 10,000 మంది ప్రభుత్వ సంస్థల ఉద్యోగులు ఇంటికి వెళ్లారు. 1923 మే 28న పుట్టిన ముఖ్యమంత్రికి అప్పటికి 59 ఏళ్లు నిండి ఉన్నాయి, కొత్త కొలువులో చేరి రెండు నెలలైనా కాలేదు. దీన్ని డబ్బు విషయంలో కపటం అనడం తప్పు, ఎందుకంటే ఆయన తీసుకున్న జీతం ఒక్క రూపాయి. ప్రజాప్రతినిధి ఉద్యోగి కాడు, అతన్ని దించవలసింది ఓటరే అనే సమాధానమూ ఉంది, అది బలమైనదే. 1985లో సుప్రీంకోర్టు కూడా ఆ నిర్ణయాన్ని సమర్థించింది. అయినా నిరుద్యోగం కోసం త్యాగం చేయవలసినవాళ్ల జాబితాలో జాబితా రాసినవాళ్ల పేరు లేదన్న సంగతి అలాగే ఉంది. కుర్రవాడికి ఆ ఉత్తర్వుతో భృతి రాలేదు, మరొకరు ఖాళీ చేసిన కుర్చీ మీద ఆశ మాత్రం వచ్చింది. 1984లో వయసు మళ్లీ 58 అయింది. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62. అన్ని పార్టీల ప్రభుత్వాలూ పెంచుకుంటూ పోయినప్పుడు యువతకు చోటు అన్న వాదన ఏమైందో చెప్పినవాళ్లు లేరు. రిటైరైనవాళ్లకు ఒక్కసారి చెల్లించవలసిన సొమ్ము వాయిదా పడుతుందన్న లెక్క మాత్రం అందరికీ అర్థమైంది.

2014 తర్వాతి సంగతులు పాఠకులకు తెలిసినవే, గబగబా చెప్పుకుందాం. నెలకు 2,000 భృతి అన్న ఎన్నికల హామీ, నాలుగేళ్లు గడిచాక 2018 అక్టోబరు 2న 'ముఖ్యమంత్రి యువనేస్తం' పేరుతో 1,000గా మొదలైంది. ఎన్నికల ముంగిట 2,000 అయింది. 2019లో ప్రభుత్వం మారగానే ఆగిపోయింది. కొత్త ప్రభుత్వం భృతికి బదులు నెలకు 5,000 గౌరవ వేతనంతో వలంటీర్లను పెట్టింది. ఆ వేతనాన్ని 10,000 చేస్తామని 2024లో హామీ ఇచ్చిన కూటమి, గెలిచాక వలంటీర్లనే కొనసాగించలేదు. ఇరవై లక్షల ఉద్యోగాలు లేదా నెలకు 3,000 భృతి అన్న దాని హామీ 2024-25లో అమలు మొదలుకాలేదు. తెలంగాణలో 2018లో చెప్పిన 3,016 కూడా చెల్లింపు దాకా రాలేదు. భృతి కాదు, ఉద్యోగమే ఇస్తామన్న జవాబుకు బందరు ఓడరేవే కొలబద్ద. దానికి 2008 ఏప్రిల్‌లో ఒక ముఖ్యమంత్రి, 2019 ఫిబ్రవరిలో ఇంకొకరు, 2023 మేలో మరొకరు పనులు ప్రారంభించారు. ఏ తేదీ తర్వాత ఎన్నాళ్లకు ఎన్నికలు వచ్చాయో చూసుకుంటే చాలు.

ఊరికే డబ్బిస్తే మనుషులు సోమరులవుతారన్న అభ్యంతరానికి జవాబు గిలకలదిండి రేవులోనూ నాగాయలంకలోనూ ఏటా కనిపిస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు వేటకు వెళ్లకూడదు. ఆ రోజులకు వేటగాళ్లకిచ్చే సాయం 4,000 ఉండేది, 2019లో 10,000, 2025లో 20,000 అయింది. ఇది అచ్చమైన నిరుద్యోగ భృతి, ఆ పేరు పెట్టకపోయినా. నిషేధం ముగిసిన మర్నాడు బోట్లు సముద్రంలోకి వెళ్తాయి, డబ్బు తీసుకున్నామని ఒడ్డున కూర్చునేవాళ్లు లేరు. ఈ సాయం మూడు ప్రభుత్వాలు మారినా బతికిందంటే కారణముంది. పని ఆపింది ప్రభుత్వమే, తేదీలు ముందే తెలుసు, బోట్ల లెక్క ఉంటుంది. సాకు చెప్పడం కష్టం. దీనికీ లోటు ఉంది. వేటకు వెళ్లే మగవాడికి అందుతుంది గానీ, ఆ చేప తట్టలో పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మే ఆడమనిషికి అదే 61 రోజుల్లో ఏమీ రాదు. కాలువలు కట్టేశాక పొలంపని లేని దివిసీమ కూలీకి 2005 ఉపాధి హామీ చట్టం కాగితం మీద హక్కు ఇచ్చింది. అడిగిన పదిహేను రోజుల్లో పని చూపకపోతే మొదటి ముప్పై రోజులూ కూలిలో కనీసం పావు వంతు, తర్వాత సగం భృతిగా ఇవ్వాలని అందులో ఉండేది. అయితే ఆ చట్టం కింద కూలి కేంద్రం డబ్బుగా, భృతి రాష్ట్రం డబ్బుగా ఉండేవి. పని అడిగిన తేదీ వేసి రసీదు ఇస్తే రాష్ట్రం ఖజానాకే ఖర్చు. అందుకే రసీదు దొరకడమే గగనమైంది, రసీదు లేనివాడికి భృతి లేదు.

శాసనసభ్యులందరి జీతాలూ కలిపినా బడ్జెట్లో లెక్కలోకి రావు, వాటిని ఆపితే ఎంతమంది నిరుద్యోగులకు సరిపోతుందని అడిగేవారున్నారు. సరిపోదు. పేదవాడు చట్టసభకు రావాలంటే జీతం ఉండాలన్నదీ ఒప్పుకోవలసిన మాటే. నా అభ్యంతరం మొత్తం మీద కాదు, సూత్రం మీద. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన రాష్ట్ర ఉద్యోగికి ఖజానా భరించలేదన్న కారణంతో హామీ ఉన్న పింఛను పోయింది. ఆ కారణం చెప్పిన సభల సభ్యుల పింఛను మాత్రం పోలేదు. 2018లో పార్లమెంటు తన సభ్యుల జీతాలను ధరల సూచీకి ముడివేసి, ఐదేళ్లకోసారి వాటంతట అవే పెరిగేలా చట్టం చేసుకుంది. దాని ప్రకారం 2025 మార్చిలో వచ్చిన ప్రకటనతో నెలజీతం 1,00,000 నుంచి 1,24,000కు, మాజీల కనీస పింఛను 25,000 నుంచి 31,000కు పెరిగింది. పెంపు 2023 ఏప్రిల్ 1 నుంచే వర్తించింది కాబట్టి రెండేళ్ల బకాయి కూడా వాళ్లకు దక్కింది. యువనేస్తంలో పేరు నమోదు చేయించుకున్న పట్టభద్రులకు 2019లో ఆగిపోయిన నెలలకు బకాయి ఎంతో లెక్కకట్టే నిబంధన ఏ చట్టంలోనూ లేదు.