సుఖోమాజ్రీ కొండ దిగిన మేకలు

ఊరి బీడు బోడిపోయిందనే మాట రాగానే "ముందు మేకల్ని ఆపండి" అంటాం. ఆపితే నష్టపోయేది ఎవరో మాత్రం అడగం. ఆ ప్రశ్నకు జవాబు వెతికిన ఒక ఊరి చరిత్ర ఈరోజు చెప్పుకుందాం.

చండీగఢ్‌లో 1958లో సుఖ్నా చెరువు కట్టారు. ఏళ్లు గడవకుండానే అది మట్టితో పూడిపోసాగింది. 1970లలో అక్కడి నేల, నీటి సంరక్షణ పరిశోధన కేంద్రం వాళ్ళు పి.ఆర్. మిశ్రా ఆధ్వర్యంలో ఆ మట్టి ఎక్కడిదని ఆరా తీస్తే, ఎగువన శివాలిక్ కొండల్లో హర్యానాకు చెందిన సుఖోమాజ్రీ అనే చిన్న పల్లె కనిపించింది. ఊరి మేకలు, పశువులు కొండ మీద మొలిచిందల్లా మొలిచినట్టే మేసేసేవి. వాన పడితే పట్టుకునే వేరు లేక మట్టి కిందికి జారేది.

1976లో అక్కడ వాగుకు అడ్డంగా చిన్న మట్టికట్ట వేశారు. నిలిచిన నీళ్ళు పొలాలకు పారించుకోవచ్చని రైతులకు అర్థమైంది. అయితే కట్ట పూడకూడదంటే కొండ మీద మేత ఆగాలి. చిక్కు ఇక్కడే వచ్చింది. నీళ్ళు దక్కేది పొలం ఉన్నవాడికి. మేకలే ఆధారమైన భూమిలేని ఇంటికి దక్కేదేమిటి?

ఊరు ఒక ఒప్పందానికి వచ్చింది. పొలం ఉన్నా లేకపోయినా ప్రతి ఇంటికీ నీటిలో సమాన వాటా. భూమిలేనివాళ్ళు తమ వాటాను ఇంకొకరికి అమ్ముకోవచ్చు. అందరి ఇళ్ళతో సంఘం ఏర్పడింది. కొండ చుట్టూ ముళ్ళకంచె లేదు, ఊరివాళ్ళే కావలి. దీన్నే తరువాత సామాజిక కంచె అన్నారు.

కొండ మీద గడ్డి తిరిగి లేచింది. తాళ్ళకూ కాగితం మిల్లులకూ పనికొచ్చే భబ్బర్ గడ్డిని కోసుకునే హక్కు అటవీశాఖ నుంచి సంఘానికే వచ్చింది. మేకలు తగ్గి, ఇంటి దగ్గర కట్టేసి మేపే గేదెలు పెరిగాయి, పాలూ పెరిగాయి. దిగువ చెరువుకు చేరే మట్టి బాగా తగ్గింది.

హోసూరు వైపు గానీ, బళ్ళారి, సోలాపూర్, బరంపురం వైపు గానీ పల్లెల్లో పొలాలున్న మనవాళ్ళు చాలామందే. మీ ఊరి గ్రామసభలో మేత నిషేధం మాట వస్తే, మేకలవాళ్ళకు ఏమిస్తున్నారని ముందు అడగండి. వాళ్ళకు వాటా లేని నియమం రాత్రిపూట ఎవరూ చూడనప్పుడు తెగిపోతుంది.

మీ ఊళ్ళో మేత బీడు ఇప్పుడెలా ఉందో, దాన్ని ఎవరు కాస్తున్నారో కింద రాయండి. పెద్దవాళ్ళకు గుర్తున్న పాత కట్టుబాట్లు ఉంటే అవీ చెప్పండి.