ఒకే ఫైలు, ఇద్దరు రాష్ట్రపతులు

ఉరిశిక్ష మీద మన వాదం ఎప్పుడూ నేరం ఎంత ఘోరమైందన్న దగ్గరే మొదలై అక్కడే ఆగుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి పాతికేళ్లలో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన మూడు కేసులు పక్కపక్కన పెడితే, ఎవరు బతకాలో తేల్చింది ఆ ఘోరం కాదని తెలుస్తుంది. ఒక స్త్రీని, ఆమె పసిబిడ్డను చంపిందన్న నేరానికి ఈడిగ అన్నమ్మకు పడిన ఉరిని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ 1974లో యావజ్జీవంగా మార్చారు. చిన్న వయసు, ఇంటి దగ్గర చిన్న కొడుకు, ఉరి భయంతో గడిపిన కాలం ఆయన్ని కదిలించాయి. మరుసటి ఏడాది డిసెంబర్ 1న, ఎమర్జెన్సీ రోజుల్లో, ఆదిలాబాద్ రైతాంగ ఉద్యమకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. వాళ్లూ ఏళ్ల తరబడి ఆ భయంతోనే గడిపారు. అన్నమ్మకు కలిసొచ్చిన నిరీక్షణ వాళ్లకు అక్కరకు రాలేదు.

అదంతా ప్రమాణాలు స్థిరపడని కాలమనీ, 1980లో బచన్ సింగ్ తీర్పు 'అరుదైనవాటిలో అరుదైన' కేసులకే ఉరి అని గీత గీసిందనీ అనవచ్చు. ఆ గీత నిలవదని, మనిషి ప్రాణం బెంచిలో కూర్చున్న జడ్జీలను బట్టి మారుతుందని జస్టిస్ పి.ఎన్. భగవతి అప్పుడే విభేదించారు. ఆయన మాటకు తార్కాణం చిలకలూరిపేట. 1993 మార్చిలో దోపిడీకని బస్సు తగలబెడితే 23 మంది కాలిపోయారు. ఇద్దరు దళిత యువకులకు పడిన ఉరిని సుప్రీంకోర్టు దాకా అన్ని కోర్టులూ ఖరారు చేశాయి. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష నిరాకరించారు. 1997 మార్చిలో ఉరికి ముందు రోజు స్టే వచ్చింది. పౌరహక్కుల సంఘాలు, రచయితలు పట్టు విడవలేదు. 1998లో కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. నేరం అదే, ముద్దాయిలు వాళ్లే. మారింది రాష్ట్రపతి, బయట లేచిన గొంతులు. ఆ గొంతులు లేని ఖైదీ సంగతేమిటి?

క్షమాభిక్ష ఉన్నదే అందుకు కదా, వ్యవస్థ పనిచేసినట్టే కదా అంటారు కొందరు. స్టే ఒక్కరోజు ఆలస్యమై ఉంటే పనిచేయడానికి ఎవరూ మిగిలేవారు కారు. మరి ఆ 23 కుటుంబాల మాటేమిటన్నది ఇంతకంటే బరువైన ప్రశ్న. దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. అయితే యావజ్జీవం అంటే వదిలేయడం కాదు. తప్పు తీర్పును సరిదిద్దే వీలు జైల్లో ఉంటుంది, ఉరికొయ్య మీద ఉండదు. ఉగ్రవాద నేరాలకు తప్ప ఉరి రద్దు చేయమని లా కమిషన్ 2015లో సిఫారసు చేసింది. నాలుగేళ్లకు ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎదురు దారి పట్టి, అత్యాచారానికి ఉరి, 7 రోజుల్లో దర్యాప్తు, 14 రోజుల్లో విచారణ అంటూ దిశ బిల్లు ఆమోదించింది. చిలకలూరిపేట ముద్దాయిలకు ప్రాణం పోసింది ఐదేళ్ల జాప్యం.