కోర్టు నుంచి సలహామండలి దాకా

ఐదేళ్ల మానసిక వయసు రాని పిల్లల్ని బడిలో చేర్చుకోనక్కర్లేదు. అమెరికాలోని పెన్సిల్వేనియా చట్టం ఒకప్పుడు అలా ఉండేది. మేధోవైకల్యం ఉన్న పిల్లల కోసం పనిచేసే 'పార్క్' సంఘం, కొందరు తల్లిదండ్రులు కలిసి 1971లో కోర్టుకెక్కారు. ఆరు నుంచి 21 ఏళ్ల వరకు ఆ పిల్లలకు ఉచితంగా చదువు చెప్పాలన్న ఒప్పందాన్ని 1972లో కోర్టు ఆమోదించింది.

1975 నవంబరు 29న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకంతో వైకల్యమున్న పిల్లల చదువు కోసం దేశమంతటికీ చట్టం వచ్చింది. అలాంటి పది లక్షలమంది పిల్లలకు ప్రభుత్వ బడిలో అసలు చోటే లేదని ఆ చట్టంలోనే రాసుకున్నారు. ఎంత ఘోరం!

చట్టం రావడంతోనే తల్లిదండ్రుల పని అయిపోలేదు. మసాచుసెట్స్‌లో స్కూల్ డిస్ట్రిక్టులకు తల్లిదండ్రుల సలహామండళ్లు ఏర్పడ్డాయి. వైకల్యమున్న పిల్లల చదువు, భద్రతపై స్కూల్ కమిటీకి సలహాలివ్వడం వాటి పని. కాలిఫోర్నియా సలహా సంఘాల్లో సగానికి మించి తల్లిదండ్రులే ఉండాలి. వారిలోనూ ఎక్కువమంది ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని కన్నవాళ్లై ఉండాలి. ఈ షరతు చాలా విలువైనది. బస్సులో వీల్‌చైర్ ఎక్కించే లిఫ్ట్ మొరాయించినా, స్పీచ్ థెరపిస్టు వారాల తరబడి రాకపోయినా ముందు తెలిసేది ఇంట్లోవాళ్లకే. ఒక్క బిడ్డ గొడవగా కొట్టిపారేయకుండా, అందరి అవసరంగా ఆ మాట అధికారుల ముందుకు వెళ్లేది ఇలాంటి చోటే.

సలహా పాటించి తీరాలన్న నిబంధన మాత్రం లేదు. అది పెద్ద లోటే.