ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో డేటా పోకుండా పార్టిషన్ చేయాలా? ముందు ఇది చెక్ చేస్కోండి!

పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, ఆఫీసు ఫైళ్లు.. అన్నీ ఒకే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో పడేసి, ఇప్పుడు దాన్ని రెండు డ్రైవ్‌లుగా విడగొట్టాలనుకుంటున్నారా? ఫార్మాట్ కొట్టకుండానే ఆ పని అయిపోతుంది. వేరే సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు, విండోస్‌లోనే ఆప్షన్ ఉంది. కాకపోతే అన్ని డిస్కులకూ కుదరదు.

డిస్క్‌ని కనెక్ట్ చేసి, 'దిస్ పీసీ'లో దానిపై రైట్ క్లిక్ ఇచ్చి ప్రాపర్టీస్ ఓపెన్ చేయండి. ఫైల్ సిస్టమ్ దగ్గర ఎన్‌టీఎఫ్‌ఎస్ అని ఉంటే ఓకే. ఎక్స్‌ఫ్యాట్ అని ఉంటే మాత్రం విండోస్ దాని సైజు తగ్గించలేదు. అప్పుడు డేటా మొత్తం వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, ఫార్మాట్ చేసి, మళ్లీ వేసుకోవడమే దారి.

ఎన్‌టీఎఫ్‌ఎస్ అయినా సరే, ముఖ్యమైన ఫైళ్లకు ఇంకో కాపీ తీశాకే మొదలుపెట్టండి. పని మధ్యలో కేబుల్ లూజైనా, కరెంట్ పోయినా డేటా పాడయ్యే ఛాన్స్ ఉంది. అన్నట్టు, అదే డిస్క్‌లో ఇంకో ఫోల్డర్‌లో పెట్టుకుంటే అది బ్యాకప్ కాదు!

ఇప్పుడు స్టార్ట్ బటన్‌పై రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లండి. సైజు చూసి మీ డిస్క్ ఏదో గుర్తుపట్టండి. 1 టీబీ డిస్క్ ఇక్కడ 931 జీబీగానే కనిపిస్తుంది, కంగారు పడొద్దు. దానిపై రైట్ క్లిక్ చేసి 'ష్రింక్ వాల్యూమ్' నొక్కండి. సైజు ఎంబీల్లో అడుగుతుంది. కొత్త డ్రైవ్‌కి 200 జీబీ కావాలంటే 204800 అని కొట్టాలి. ఖాళీ ఎక్కువే ఉన్నా ఒక్కోసారి తక్కువే ఇస్తానంటుంది. పక్కకు జరపలేని ఫైళ్లు మధ్యలో ఉంటే అంతే.

తర్వాత నల్ల గీతతో 'అన్‌అలొకేటెడ్' అని కనిపించే భాగంపై రైట్ క్లిక్ చేసి 'న్యూ సింపుల్ వాల్యూమ్' ఇవ్వండి. ఇక్కడ ఫార్మాట్ అయ్యేది కొత్త భాగం మాత్రమే. పాత ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

మళ్లీ రెండింటినీ కలపాలంటే కొంచెం చిక్కే. రెండో డ్రైవ్‌లోని ఫైళ్లు బయటికి తీసి, 'డిలీట్ వాల్యూమ్' కొట్టి, మొదటి దానిపై 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' ఇవ్వాలి. ఖాళీ భాగం సరిగ్గా దాని కుడిపక్కనే ఉండాలి. మొదటి డ్రైవ్ తీసేసి ఆ చోటు రెండోదానికి ఇద్దామంటే ఈ టూల్‌తో కాదు. 'డైనమిక్ డిస్క్‌గా మార్చాలా' అని అడిగితే నో చెప్పేయండి.

పొరపాటున వేరే డ్రైవ్ డిలీట్ అయిందా? 'డిస్క్‌ను ఫార్మాట్ చేయండి' అని మెసేజ్ వస్తే క్యాన్సిల్ కొట్టండి. ఆ డిస్క్‌లోకి ఒక్క ఫైల్ కూడా కాపీ చేయొద్దు. కొత్త డేటా పడనంతవరకు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో పాతవి వెనక్కి వచ్చే అవకాశం ఉంటుంది. దొరికిన ఫైళ్లను మాత్రం వేరే డిస్క్‌లోనే సేవ్ చేస్కోండి.