కలానోసు చితి, సూసా పెళ్లిళ్లు

మంట ఎగదోసి దగ్గరికి జరగండిరా. ఇవాళ క్రీస్తు పూర్వం 324, 323, 322... ఆ మూడేళ్ల ముచ్చట. అంతటి వాళ్లు అంత వరసగా పోయిన కాలం నా చదువులో ఇంకోటి తగల్లేదు.

ముందు తక్షశిల ముసలాయన. గ్రీకులు కలానోస్ అని పిలిచేవాళ్లు. అలెగ్జాండర్ వెంట పర్షియా దాకా పోయాడు. 73 ఏళ్ల వయసులో జబ్బు చేసింది. మంచాన పడి బతకను, చితి పేర్చమన్నాడు. రాజు బతిమాలినా వింటేనా! ఆ పని చివరికి సేనాని టాలెమీ మీద పడింది. నడవలేని మనిషిని మోసుకొచ్చి చితి మీదికి చేర్చారు. మంట ఒళ్లంటుకున్నా కదల్లేదట. బాకాలు మోగాయి, ఏనుగులు ఘీంకరించాయి. రాజు మాత్రం చూడలేక అటు రాలేదు. అంతకుముందు కలానోస్ అందరి దగ్గరా సెలవు తీసుకుని, రాజుతో మాత్రం బాబిలోన్‌లో కలుద్దామన్నాడని చెప్తారు. అది తర్వాత ఎవరో అతికించిన మాటే, నేను నమ్మను.

దహనం కాగానే తాగుడు పందెం పెట్టారు, విన్నారా? గెలిచిన ప్రొమాకస్ మూడు రోజులకే పోయాడు. ఆ తాగుడుకే ఇంకో 41 మంది పోయారని ప్లూటార్క్ రాశాడు. చావు దగ్గర పందేలేంటిరా!

ఆ 324లోనే సూసా నగరంలో సామూహిక పెళ్లిళ్లు. తన వాళ్లు సుమారు 80 మందికి పర్షియా పెద్దింటి పిల్లల్ని కట్టబెట్టాడు రాజు. ఆ కాపురాలు చాలావరకు నిలవలేదంటారు. సేనాని సెల్యూకస్ మాత్రం అప్పుడు కట్టుకున్న అపామాను వదల్లేదు. ఆమె పేరున ఊళ్లే కట్టించాడు.

ఆ శరదృతువులో రాజు ప్రాణస్నేహితుడు హెఫైస్తియోన్ పోయాడు. 323 జూన్‌లో బాబిలోన్‌లో రాజూ పోయాడు, 32 ఏళ్లకే. మరుసటేడు అరిస్టాటిల్.

అదే 322లో డెమోస్తనీస్ చావు చూడండి. ఏథెన్సులో మాసిడోనియాను తిట్టిపోసిన నోరు అది. సైనికులు తరిమితే కలౌరియా దీవిలో గుళ్లో దాక్కున్నాడు. ఇంటికి ఉత్తరం రాసుకుంటానని లోపలికి పోయి, రెల్లుకలం కొన కొరికాడు. రాసేటప్పుడు అలా కొరకడం ఆయనకు అలవాటే. ఈసారి అందులో విషం ఉంది. ముసుగేసుకుని కూర్చుంటే పిరికివాడని నవ్వారు వాకిట్లో వాళ్లు. లేచి నాలుగడుగులేసి బలిపీఠం పక్కన కూలిపోయాడు.

పుట్టిన వాళ్లా? అలెగ్జాండర్ కొడుకు తండ్రి పోయిన కొన్ని నెలలకు పుట్టాడు. పుడుతూనే రాజు. మీసాలు రాకముందే తల్లితో సహా చంపించేశాడు, మాసిడోనియాను చేజిక్కించుకున్న కసాండర్. ఆ రోజుల్లోనే అపామాకు పుట్టినవాడు ఆంటియోకస్. పెద్దయ్యాక అతనికి మన అశోకుడి తండ్రి బిందుసారుడు కబురంపాడట: తియ్యటి ద్రాక్షసారా, ఎండు అత్తిపళ్లు, ఒక తత్వవేత్త కావాలని. మొదటి రెండూ పంపుతాం, తత్వవేత్తల్ని అమ్మడం మా చట్టంలో లేదని జవాబొచ్చింది.

అతని కొడుకు పేరూ ఆంటియోకసే. ఆ పేరు చూడాలంటే గ్రీసు పోనక్కర్లేదు, మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడు చెక్కించాడు: అంతియోక, యవన రాజు. అక్షరాలు బ్రాహ్మీలో ఉంటాయి, చదివిపెట్టే మనిషిని వెంట తీసుకుపోండి.